పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: బైబిలును మనంతట మనం చదువుకోవడం

ఈ నెల మాకు చేరిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి వచ్చాయి. ఆదివారం ప్రసంగం వినడంతో సరిపెట్టుకోకుండా, ఇంటి దగ్గర బైబిలు తెరచి, తమంతట తాము చదివి అర్థం చేసుకోవడం ఎలాగని గోదావరి జిల్లాల పాఠకులు పలువురు అడిగారు. అందువల్ల ఈ సంచికలో మిగిలిన ప్రశ్నలను పక్కన పెట్టి, ఈ ఉత్తరాలకే జవాబు ఇస్తున్నాను. రాసినవారి పేర్లను, ఊళ్లను ఉద్దేశపూర్వకంగానే తీసివేశాము.

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నేను అయిదో తరగతి వరకే చదువుకున్నాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దాన కార్డులో 'రాబోవు కాలమందు మీకు నిరీక్షణ' కలుగుతుందని చెప్పే యిర్మీయా 29:11 ఉంది. మా అబ్బాయి గల్ఫు నుంచి పని పోగొట్టుకొని తిరిగి వచ్చేశాడు. వెళ్లేటప్పుడు చేసిన అప్పు అలాగే ఉంది. ఆ కార్డును దేవుని పటం పక్కన పెట్టుకొని రోజూ చదివి ప్రార్థన చేస్తున్నాను. ఇన్ని నెలలైనా ఏ మార్పూ లేదు. నా విశ్వాసంలో లోపం ఉందా? లేక నేను ఆ మాటను సరిగా అర్థం చేసుకోలేదా? నాలాంటి చదువు లేనివాళ్లు బైబిలును సొంతంగా అర్థం చేసుకోగలరా?

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అర్థం చేసుకోగలరు. 'ఈ మాటను నేను సరిగా అర్థం చేసుకున్నానా' అని తనను తాను అడుగుకున్న మనిషి చదవడంలో అన్నిటికంటె కష్టమైన మెట్టు ఎక్కేసినట్టే. ఇక, మీ విశ్వాసంలో లోపం ఉన్నదని ఎవరైనా మీతో అని ఉంటే, దయచేసి ఆ మాటను మనసులో పెట్టుకోకండి. మీ చేతికి వచ్చినది ఒక పెద్ద ఉత్తరంలోని ఒక్క వాక్యం. ఆ ఉత్తరం ఎవరు రాశారో, ఎవరికి రాశారో, ఏ కష్టంలో ఉన్నవారికి రాశారో కార్డు మీద రాయడానికి చోటు లేదు. ఆ చోటు బైబిలులో ఉన్నది.

యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయాన్ని మొదటి వచనం నుంచి చదవండి. అది నిజంగానే ఒక ఉత్తరం. క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజైన నెబుకద్నెజరు యెరూషలేము మీదికి వచ్చి, రాజును, రాజు తల్లిని, అధికారులను, కంసాలులను, వడ్రంగులను చెరపట్టి తన దేశానికి తీసుకొనిపోయాడు. అలా ఊరు విడిచి, దేశం విడిచి, పరాయి రాజ్యంలో పడి ఉన్న వారికి యెరూషలేములో మిగిలిపోయిన ప్రవక్త పంపిన ఉత్తరం అది. మీ కార్డులోని వాక్యం ఆ ఉత్తరంలో మధ్య భాగంలో వస్తుంది. దానికి ముందు ఏమున్నదో చూడండి: ఇళ్లు కట్టుకొని కాపురముండండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీ పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉన్నది. ఇవి రేపో మాపో ఇంటికి వెళ్లిపోతామని ఎదురుచూసేవారికి చెప్పే మాటలు కావు. పదో వచనంలో 70 సంవత్సరాలు అని స్పష్టంగానే రాసి ఉన్నది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి యెరూషలేము ముఖం చూడలేదన్నమాట.

ఇప్పుడు ఒక అధ్యాయం వెనక్కి, 28కి వెళ్లండి. అక్కడ హనన్యా అనే ఇంకొక ప్రవక్త కనిపిస్తాడు. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని, చెరలోని వారందరూ తిరిగి వస్తారని అతడు దేవాలయంలో అందరి ముందు ప్రకటించాడు. బబులోనుకు లొంగి ఉండాలన్నదానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరిచేశాడు. వినేవారికి హనన్యా మాటే తియ్యగా ఉండి ఉంటుంది. కాని దేవుడు అతనిని పంపలేదని, జనులు అబద్ధాన్ని నమ్ముకొనేటట్టు అతడు చేశాడని యిర్మీయా అతని ముఖం మీదే చెప్పవలసి వచ్చింది. ఈ రెండు అధ్యాయాలను ఒక దాని పక్కన ఒకటి పెట్టి చదివినప్పుడు, 'రాబోవు కాలమందు మీకు నిరీక్షణ' అన్న మాట హనన్యా చెప్పినలాంటి గడువుతో కూడిన హామీ కాదని, ఆలస్యాన్ని తట్టుకొని నిలబడవలసిన వారికి ఇచ్చిన ఆదరణ అని మీకే తెలుస్తుంది.

మరి ఆ మాట మీకు కాదా అని మీరు అడుగుతారు. ఆ గడువు, ఆ తిరిగి రావడం అప్పటి యూదా ప్రజలవి. వాటిని మనం తెచ్చుకొని మన క్యాలెండరు మీద రాసుకోలేము. కాని ఆ ఉత్తరంలో తెలియజేయబడిన దేవుడు మీ దేవుడే. తన ప్రజల తప్పుల వల్లనే వచ్చిన చెరలో కూడా ఆయన వారిని విడిచిపెట్టలేదు. వారి భవిష్యత్తును గురించి ఆలోచిస్తున్నానని చెప్పాడు. పూర్ణమనస్సుతో వెదకితే దొరుకుతానని 13వ వచనంలో చెప్పాడు. అప్పు తీరే తేదీ అందులో లేదు. అప్పు ఉన్న ఇంట్లో కూడా పొయ్యి వెలిగించుకొని, కొడుకును సూటిపోటి మాటలనకుండా, ఇరుగుపొరుగువారి మేలు కోరుతూ బ్రతకమన్న మాట మాత్రం ఉన్నది. మీ అబ్బాయి ఇంటికి వచ్చాడు కదా, సాయంత్రం పూట ఆ రెండు అధ్యాయాలూ ఇద్దరూ కలిసి గట్టిగా చదువుకోండి. ఒక కార్డు మోయలేని బరువును ఆ ఉత్తరం మోస్తుందని నా నమ్మకం.

ఇక ముందు ఏ వాక్యం చేతికి వచ్చినా ఇలాగే చేయండి. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, వారి పరిస్థితి ఏమిటి అని చూడండి. ముందు వెనకల అధ్యాయాలు చదవండి. అర్థం కాని చోట గీత గీసి, నోటు పుస్తకంలో ఆ వచనం సంఖ్య రాసుకొని స్త్రీల కూడికలో అడగండి. దీనికి అయిదో తరగతి చదువు చాలు. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలోని 'నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను' అన్న మాటను మన వాళ్లు పరీక్షలకు వెళ్లే పిల్లల పుస్తకాల మీద రాస్తుంటారు. దానికి పైనున్న రెండు వచనాలు చదివితే, పౌలు బంధకాలలో ఉండి, కడుపు నిండినా ఆకలిగా ఉన్నా సంతృప్తిగా ఉండడం నేర్చుకున్నానని చెబుతున్నాడని తెలుస్తుంది. మీ ఇంటికి ఇప్పుడు కావలసిన మాట బహుశా అదే.

ప్రశ్న: నేను కోనసీమలో ఉంటాను, డిగ్రీ చదువుతున్నాను. ప్రతి జనవరిలో ఆదికాండము మొదలుపెడతాను. నిర్గమకాండములో ప్రత్యక్ష గుడారం కొలతల దగ్గరకో, లేవీయకాండము బలుల దగ్గరకో వచ్చి ఆగిపోతాను. సంవత్సరంలో బైబిలు పూర్తి చేయాలని మా యవనస్థుల కూడికలో చెబుతారు. ఎక్కడ తప్పు జరుగుతోంది?

సమాధానం: తమ్ముడూ, మన చేతిలోని బైబిలులో 66 గ్రంథాలున్నాయి, 1189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదవాలి. అది మంచి అలవాటే కాని, మొదటిసారి చదివేవారికి అది తగిన పద్ధతి అని నేను అనుకోను. అచ్చువేసిన వరుసలోనే చదవాలన్న నియమం కూడా ఎక్కడా లేదు. ఆ వరుస కాలక్రమం కాదు. పౌలు పత్రికలనే చూడు: సంఘాలకు రాసినవి ముందు, వ్యక్తులకు రాసినవి తరువాత పెట్టి, ఆ రెండు గుంపులలోనూ దాదాపుగా పెద్ద వాటి నుంచి చిన్న వాటికి వరుస పెట్టారు. రోమా పత్రిక మొదట ఉండడానికి, ఫిలేమోనుకు రాసిన చీటీలాంటి పత్రిక చివర ఉండడానికి కారణం అదే.

మార్కు సువార్తతో మొదలుపెట్టు. పదహారు అధ్యాయాలే. గంటన్నరలో ఒకే కూర్చున్న చోట చదివేయవచ్చు. అలా ఒక్కసారిగా చదవమని ఎందుకు చెబుతున్నానో ఒక ఉదాహరణతో చూపిస్తాను. ఎనిమిదో అధ్యాయంలో బేత్సయిదాలో ఒక గుడ్డివానిని యేసు రెండు విడతలుగా బాగుచేస్తాడు. మొదటిసారి చేతులుంచినప్పుడు మనుషులు నడుస్తున్న చెట్లలాగా కనిపిస్తున్నారని అతడు అంటాడు. మళ్లీ చేతులుంచిన తరువాత అంతా తేటగా కనిపిస్తుంది. రోజుకు పది వచనాలు చదివేవారికి ఇది ఒక వింత అద్భుతంగా మాత్రమే మిగిలిపోతుంది. యేసుకు మొదటిసారి ఎందుకు కుదరలేదన్న అనుమానం కూడా వస్తుంది. కాని దీనికి కొంచెం ముందే, పడవలో, రొట్టెల గురించి తగువుపడుతున్న శిష్యులను 'కన్నులుండియు చూడరా' అని ఆయన అడిగాడు. దీని వెంటనే, నీవు క్రీస్తువని పేతురు ఒప్పుకుంటాడు; ఆ తరువాత నాలుగు వచనాలు తిరగకుండానే, క్రీస్తు శ్రమపడి చనిపోవాలన్న మాట వినలేక ఆయననే గద్దిస్తాడు. పేతురుకు చూపు వచ్చింది, కాని మనుషులు చెట్లలాగా కనిపించేంత వరకే వచ్చింది. అక్కడి నుంచి పదో అధ్యాయం చివర యెరికోలో బర్తిమయి అనే ఇంకొక గుడ్డివాడు చూపు పొంది ఆయన వెంట దారిన వెళ్లేవరకు, యేసు తన మరణం గురించి శిష్యులకు మూడుసార్లు చెబుతాడు. మూడుసార్లూ వారు గ్రహించరు. ఇద్దరు గుడ్డివారి కథల మధ్య, చూడలేని శిష్యులను మార్కు ఇలా నిలబెట్టాడు. దీనిని కనిపెట్టడానికి గ్రీకు రానక్కర్లేదు, వ్యాఖ్యాన గ్రంథమూ అక్కర్లేదు. ఆ రెండు మూడు అధ్యాయాలనూ ఆపకుండా చదివితే చాలు.

అధ్యాయాల విషయం ఇంకొకటి చెప్పాలి. అధ్యాయ విభజన పదమూడో శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లండు ఆర్చిబిషప్పు పేరు మీద స్థిరపడింది. కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచన సంఖ్యలను రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు 1551లో వేశాడు. వెదుక్కోవడానికి అవి ఎంతో మేలు చేశాయి. కాని రచయిత ఆగిన చోటనే అవి ప్రతిసారీ ఆగలేదు. మంచి శుక్రవారం మన సంఘాలలో యెషయా 53 చదువుతారు కదా, ఆ బాధామయ సేవకుని గీతం మొదలయ్యేది 52:13లో. సేవకుడు హెచ్చింపబడతాడన్న ప్రకటనతో ఆ గీతం మొదలవుతుంది. 53:1 నుంచి మాత్రమే చదివితే ఆ ఆరంభం మనకు వినిపించదు.

మార్కు అయిన తరువాత రూతు గ్రంథం చదువు. నాలుగు అధ్యాయాలే. నువ్వు ఆగిపోతున్న లేవీయకాండములోకి తిరిగి వెళ్లే దారి అక్కడే ఉన్నది. మన డెల్టాలో కోత మిషన్లు రాకముందు, కోత అయిన చేలలో పేదింటి ఆడవాళ్లు, పిల్లలు పరిగె ఏరుకోవడం మీ అమ్మమ్మగారిని అడిగితే చెబుతారు. రైతు మనసు మంచిదైతే ఏరుకోనిచ్చేవాడు, కాకపోతే గట్టు మీద నుంచే కేకలేసి తరిమేవాడు. రూతు కూడా అలాగే, ఎవరి దయ దొరికితే వారి వెనుక ఏరుకుంటానని అత్తతో చెప్పి బేత్లెహేము చేలలోకి వెళ్లింది. అయితే ఇశ్రాయేలులో అది రైతు దయకు వదిలిపెట్టిన సంగతి కాదు. పొలం అంచుల వరకు కోయవద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, వాటిని బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలి అని లేవీయకాండము 19:9-10లో ధర్మశాస్త్రమే ఆజ్ఞాపించింది. రూతు విధవరాలు, బీదరాలు, మోయాబు దేశస్థురాలు. ఆ ఆజ్ఞలో చెప్పినవారందరూ ఆమెలోనే ఉన్నారు. బోయజు ఆ ఆజ్ఞను దాటి ఇంకా ముందుకు వెళ్లాడు. పనల మధ్య కూడా ఏరుకోనివ్వండి, కావాలని కొన్ని పిడికెళ్లు లాగి పడవేయండి అని కూలివాళ్లతో చెప్పాడు. సాయంకాలానికి ఆమె దులిపి చూసుకుంటే తూమెడు యవలు అయ్యాయి. ఒక్క రోజు పరిగెకు అంత గింజ ఎక్కడిదని మన ఊళ్లో ఏ కూలి స్త్రీ అయినా అడుగుతుంది. నయోమి కూడా వెంటనే అదే అడిగింది.

ఆ లేవీయకాండము 19లోనే, పరిగె ఆజ్ఞకు కొన్ని వచనాల కింద, 'నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను' అన్న మాట ఉన్నది. యేసు రెండవ ముఖ్యమైన ఆజ్ఞగా ఎత్తి చెప్పినది అదే. బలుల అధ్యాయాలు నీకు ఇప్పుడు అర్థం కాకపోతే వాటిని తరువాతికి ఉంచుకో, హెబ్రీ పత్రిక చదివిన నాడు మళ్లీ వాటి అవసరం నీకే తెలుస్తుంది. కాని ఆ గ్రంథాన్ని మొత్తంగా మూసివేయకు.

ప్రశ్న: మా నాన్నమ్మగారి పాత బైబిలు భాష నాకు కష్టంగా ఉంది. వాడుక భాషలో వచ్చిన అనువాదాలు చదివితే మా పెద్దలు ఒప్పుకోవడం లేదు. ఏది చదవాలి?

సమాధానం: అర్థమయ్యేది చదవండి. పాత బైబిలు మీద మీ పెద్దలకున్న ప్రేమ నాకు తెలుసు. నాకు కంఠతా వచ్చిన కీర్తనలన్నీ ఆ భాషలోనివే. కాని ఆ అనువాదం చేసినవారు కూడా సామాన్యుడు తన భాషలో చదువుకోవాలనే ఆ పని చేశారు. 1805లో విశాఖపట్నం చేరిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే మిషనరీలు ఆనందరాయర్ అనే తెలుగు పండితుని సహాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. వారు తర్జుమా చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు ఆ తరువాతే బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. తెలుగు కొత్త నిబంధన 1818లో వచ్చింది. తరువాత వచ్చినవారు వాటిని దిద్దారు, మళ్లీ దిద్దారు. దిద్దడం అగౌరవమైతే మీ నాన్నమ్మగారి చేతిలోని బైబిలే ఉండేది కాదు. వాడుక భాష అనువాదంలో కథ మొత్తం చదివి, ఆ తరువాత అదే భాగాన్ని పాత దానిలో నాన్నమ్మగారికి వినిపించండి. కతోలిక పాఠకులు తమ బైబిలులో 73 గ్రంథాలుండడం చూసి కంగారుపడనక్కర్లేదు. ఆ తేడాకు చరిత్ర ఉన్నది, దానిని ఇంకొక సంచికలో రాస్తాను.

ప్రశ్న: సొంతంగా అర్థం చెప్పుకోకూడదని, 2 పేతురు 1:20లో అలా రాసి ఉన్నదని మా అయ్యగారు అంటారు. ఆయన మాట కాదని చదివితే అవిధేయత అవుతుందా?

సమాధానం: చదవడం అవిధేయత కాదు. మీ అయ్యగారి భయంలో మాత్రం నిజం ఉన్నది. ఒక వచనం పట్టుకొని, ఎవరినీ అడగకుండా కొత్త బోధ లేవదీసి సంఘాలను చీల్చినవారు మన ప్రాంతంలోనే ఉన్నారు. ఆ నష్టం చూసిన కాపరి జాగ్రత్త పడడం సహజం.

అయినా ఆయన చూపిన వచనం ఆ సంగతి చెప్పదు. దాని తరువాతి వచనంతో కలిపి చదవండి. ప్రవచనం మనుష్యుని ఇచ్ఛనుబట్టి కలుగలేదని, మనుష్యులు పరిశుద్ధాత్మ ప్రేరణతో దేవుని మూలముగా పలికారని అక్కడ ఉన్నది. పేతురు మాట్లాడుతున్నది ప్రవచనం ఎక్కడి నుంచి పుట్టింది అన్న దానిని గురించి. అదే పేతురు మూడో అధ్యాయంలో, పౌలు పత్రికలలో గ్రహించడానికి కష్టమైనవి ఉన్నాయని, కొందరు వాటికి అపార్థం చెబుతున్నారని హెచ్చరించాడు. చదవవద్దని మాత్రం చెప్పలేదు.

అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో, బెరయ పట్టణంలోని యూదులు పౌలు బోధ విని, ఆ సంగతులు అలాగున్నవో లేవో అని ప్రతిదినం లేఖనాలు పరిశోధించారు. అపొస్తలుని మాటనే పరీక్షించినందుకు ఆ గ్రంథం రాసిన లూకా వారిని తప్పుపట్టలేదు, ఘనులు అన్నాడు. అదే అపొస్తలుల కార్యములలో ఎనిమిదో అధ్యాయం చూడండి. ఐతియొపీయుడైన మంత్రి రథంలో కూర్చొని యెషయా గ్రంథం చదువుతున్నాడు. ఫిలిప్పు వచ్చి గ్రహిస్తున్నావా అని అడిగితే, త్రోవ చూపేవారు లేకుంటే ఎలా గ్రహించగలనని జవాబిచ్చి అతనిని రథం ఎక్కించుకున్నాడు. ఫిలిప్పు వచ్చేనాటికి ఆ మంత్రి చేతిలో గ్రంథం తెరిచే ఉన్నది, నోట మాట పలుకుతూనే ఉన్నది, మనసులో ప్రశ్న సిద్ధంగా ఉన్నది. అతడు తాను చదువుకోకుండా ఉంటే ఫిలిప్పును అడగడానికి ఏమీ ఉండేది కాదు. నేర్పేవాని అవసరం, సొంతంగా చదవవలసిన అవసరం, రెండూ ఒకే కథలో ఉన్నాయి. మనం ఒకదానిని పట్టుకొని రెండోదానిని వదిలేస్తున్నాము.

మన డెల్టాకు ఈ విషయంలో ఒక వారసత్వం ఉన్నది. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అనే మిషనరీ ప్రోత్సాహంతో 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో పని ప్రారంభించారు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలు కావడానికి పదేళ్ల ముందు సంగతి ఇది. వారి సహవాసాలలో అభిషేకం పొందిన పురోహిత వర్గం అంటూ వేరుగా లేదు. విశ్వాసులే కూడుకొని వాక్యం చదివి, ఒకరికొకరు చెప్పుకొనేవారు. ఆ తాతముత్తాతల పిల్లలమైన మనం, చదవడం అయ్యగారి పని అని అనుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. మీరు చదివి, వచ్చిన సందేహాన్ని వినయంగా మీ అయ్యగారి దగ్గరకే తీసుకొనివెళ్లండి. ప్రసంగం విని తలఊపి వెళ్లేవారి కంటె, శనివారం రాత్రి వచ్చి ఈ వచనం సంగతేమిటని అడిగేవారే కాపరికి నిజమైన సంతోషం.

ప్రశ్న: మా అమ్మకు చదవడం రాదు. ఆమె ఇంక వాక్యానికి దూరమేనా?

సమాధానం: కాదు. ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయం మూడో వచనంలో చదివేవాడు ఒకడు, వినేవారు అనేకులు. ధన్యత అందరికీ చెప్పబడింది. మొదటి శతాబ్దపు సంఘాలలో ఎక్కువ మంది చెవితోనే వాక్యం తెలుసుకున్నారు. నెహెమ్యా ఎనిమిదో అధ్యాయంలో ప్రజలు ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు నిలబడి విన్నారు. ఫోనులో బైబిలు వినిపించే సదుపాయం ఇప్పుడు ఉన్నది. అయినా మీరే చదివి వినిపించడం మేలు, ఎందుకంటే అమ్మ మధ్యలో ఆపి అడగగలదు. యోసేపు కథతో, అంటే ఆదికాండము 37తో మొదలుపెట్టండి. ఆమె అడిగే ప్రశ్నలకు మీ దగ్గర జవాబు లేకపోవచ్చు, సిద్ధంగా ఉండండి.

ప్రశ్న: భీమవరం దగ్గర నాకు రెండెకరాల వరిచేను ఉంది. చుట్టూ అందరూ రొయ్యల చెరువులు తవ్వేస్తున్నారు. ఏం చేయాలో తోచక, ప్రార్థన చేసి, కళ్లు మూసుకొని బైబిలు తెరచి వేలు పెట్టాను. యోహాను 21:6 వచ్చింది: 'దోనె కుడిప్రక్కన వల వేయుడి, మీకు దొరుకును.' ఇది దేవుని నడిపింపు కాదా? మా ఇంట్లో వాళ్లు ఒప్పుకోవడం లేదు.

సమాధానం: సహోదరుడా, మీరు దేవుని చిత్తం కోసం నిజంగా వెదుకుతున్నారు, దానిని నేను తేలిక చేయను. కాని ఆ వేలి కింద ఉన్నది మీ చేనిని గురించిన మాట కాదు. ఆ అధ్యాయం చదివి చూడండి. యేసు చనిపోయి లేచిన తరువాత ఏడుగురు శిష్యులు తిబెరియ సముద్రంలో రాత్రంతా వల వేసి ఏమీ పట్టలేకపోయారు. ఆయన మాట మీద వల వేస్తే 153 చేపలు పడ్డాయి. ఆ చేపలతో వారు ఎంత సంపాదించారో యోహాను రాయలేదు. ఒడ్డున నిప్పుల దగ్గర భోజనమైన తరువాత, మూడుసార్లు ఆయనను ఎరుగనన్న పేతురును మూడుసార్లు 'నన్ను ప్రేమించుచున్నావా' అని అడిగి, తన గొఱ్ఱెలను అప్పగించడం వరకు కథ సాగుతుంది. ఆ కథ అంతా ఒక పక్క పెట్టి, వల అన్న మాట దగ్గర ఆగి దానిని చెరువు అనుకుంటే, దేవుడు చెప్పనిది ఆయన నోట పెట్టినట్టవుతుంది. ఇంకొక రోజు తెరిస్తే వేలు సొదొమ మీద పడవచ్చు, వంశావళి మీద పడవచ్చు. అప్పుడు ఏమి చేస్తారు?

బైబిలు మీకు ఈ విషయంలో దారి చూపదని నా భావం కాదు. చాలానే చూపుతుంది, కాని చదివితేనే. ఆలోచన చెప్పేవారు లేని చోట ఉద్దేశాలు వ్యర్థమవుతాయని సామెతలు 15:22లో ఉన్నది. మీ ఇంట్లో వాళ్లు ఒప్పుకోకపోవడం ఆ లెక్కలో మొదటి ఆలోచన. వారి కారణాలేమిటో పూర్తిగా వినండి. గోపురం కట్టేవాడు ముందు కూర్చొని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14లో యేసు అడిగారు. ఆయన అక్కడ శిష్యరికం గురించే చెబుతున్నారు. అయినా బుద్ధి ఉన్నవాడు ఏ పనికైనా ముందు లెక్క చూసుకుంటాడన్న సంగతి అందరికీ తెలిసినదేనని ఆ పోలికలోనే ఉన్నది. పిల్ల ధర, మేత, కరెంటు, తెగులు వచ్చి చెరువు పోతే అప్పు ఎవరు తీరుస్తారు అన్నవి కాగితం మీద వేయండి.

అన్నిటికంటె ముఖ్యంగా నిర్గమకాండము 22లో అయిదు, ఆరు వచనాలు చదవండి. తన పశువును విడిచిపెట్టి పక్కవాని చేను మేపినవాడు తన చేలలోని మంచి పంట నుంచి నష్టం ఇచ్చుకోవాలి. తాను పెట్టిన నిప్పు ముళ్లకంపలకు అంటుకొని పక్కవాని కుప్ప కాలితే, నిప్పు పెట్టినవాడే అచ్చుకోవాలి. తన గట్టు లోపల మొదలైనది గట్టు దాటి పొరుగువానికి నష్టం చేస్తే, అది నా చేను, నా ఇష్టం అన్న మాట దేవుని ముందు చెల్లదని ఆ రెండు వచనాలూ చెబుతున్నాయి. ఉప్పునీరు పెట్టిన చెరువు పక్కన ఊట దిగి వరిచేలు చౌడుబారడం, తాగే నీటి బావులు పాడవడం మీకు నాకంటె బాగా తెలుసు. యోహాను 21:6 మీద వేలు పెట్టి ఆగిపోయి ఉంటే ఈ మాట మీ కంట పడేది కాదు.

చెరువు తవ్వడం పాపమని నేను అనడం లేదు; అనుమతులు తీసుకొని, పక్కవారికి నష్టం లేని చోట, లెక్క చూసుకొని చేసేవారూ ఉన్నారు. మీ చేనికి ఆనుకొని ఇంకా వరి వేస్తున్న రైతు ఎవరో ఆయన దగ్గరకు ఈ వారంలోనే వెళ్లండి. మీరు తవ్వితే ఆయన చేనికి ఏమవుతుందో ఆయన నోటితోనే వినండి. ఆ తరువాత ఇంట్లో వాళ్లను కూర్చోబెట్టి, ఖర్చుల కాగితం, ఆ రైతు చెప్పిన మాట, నిర్గమకాండములోని ఆ రెండు వచనాలు ముగ్గురి నలుగురి మధ్య పెట్టుకొని మాట్లాడి, ప్రార్థన చేసి, నిర్ణయం తీసుకోండి. ఏమి నిర్ణయించారో మాకు మళ్లీ రాయండి.